తోడు పలక

మా ల్యాబులో ఆయన్ని అందరం కత్తిమావయ్య అంటాం. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైనంలో గట్టిపరిచి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజుపలకల మీద అతికించి రంగు పట్టించడం ఆయన పని. ఇరవై ఆరేళ్ళుగా అదే బల్ల, అదే స్టూలు. పక్క బల్ల నాది కాబట్టి ఆయన చాదస్తమంతా నేనే భరించాను.

అన్నిటికన్నా పెద్ద చాదస్తం తోడు పలక. రోగి ముక్కతో పాటు, రంగు తప్పకుండా పట్టే పాత ముక్క ఒకదాన్ని కూడా అవే రంగు మందుల్లో ఉంచుతాం. దానికి గోధుమరంగు వస్తేనే మందులు పనిచేసినట్టు. "ముందు తోడు పలక చూడు, ఆ తర్వాతే రోగిది" అని నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరేవాడు.

ఒకసారి మావయ్య వాళ్ళక్క ముక్కే వచ్చింది. రెండు నెలలుగా ఆవిడకి ముద్ద దిగడం లేదు. అన్నవాహికలో కాన్సరని తేలింది. ఆ కణాల పైపొర మీద ఒక ప్రోటీన్ ఉంటుంది. అది మితిమీరిందంటే పెరగమని కణాల్ని ఒకటే తరుముతుంది, జబ్బు చుట్టుపక్కలకి పాకుతుంది. గోధుమరంగు ఎంత చిక్కగా ఉంటే అది అంత ఎక్కువ. ఇవన్నీ తెలియకపోతే ఆయన కాస్త నిద్రన్నా పోయేవాడు.

"నేను చేస్తాలే మావయ్యా" అన్నాను. వినలేదు.

పని అయ్యాక మైక్రోస్కోపు కింద మొదట అక్క పలకే పెట్టాడు. చూస్తూ కూడా నేను ఆపలేదు. గోధుమరంగు ఎక్కడా లేదు. వెంటనే ఫోన్ తీశాడు.

"అక్కా, ఆ ప్రోటీన్ లేదు. ఇక భయపడకు."

అవతల ఆవిడ ఏడవడం నాకూ వినిపించింది.

తర్వాత తోడు పలక పెట్టాడు. దానికీ రంగు లేదు. నేను లేచి మందుల ట్రే చూశాను. ప్రోటీన్‌ని పట్టుకునే మందు సీసా అందులోనే ఉంది, మూత కూడా తీయలేదు. భయంతో ఆయన చేతులు ఆ ఒక్క మెట్టు దాటేశాయి.

"అక్కకి ఏమని చెప్పనే అమ్మాయ్?" అన్నాడు.

మళ్ళీ మొదలుపెట్టాం. నాలుగు గంటలు పట్టింది. ఈసారి తోడు పలకకి రంగు చక్కగా వచ్చింది. అక్కది పెట్టడానికి ఆయనకి చెయ్యి రాలేదు. నేనే పెట్టాను. ప్రతి కణం చుట్టూ చిక్కటి గోధుమరంగు.

రిపోర్టు రాసే డాక్టరమ్మ చాలాసేపు చూసింది. "త్వరగా పాకే రకమే. కానీ ఈ ప్రోటీన్‌ని అడ్డుకునే మందొకటి ఉంది. ఈ రంగు వచ్చినవాళ్ళకే ఇస్తారు, లేదంటే ఇవ్వరు."

"పనిచేస్తుందా అమ్మా?"

"కొందరికి."

మావయ్య బల్ల పట్టుకుని నిలబడ్డాడు. పొద్దున చూసిందే రిపోర్టులోకి ఎక్కి ఉంటే ఆవిడకి ఆ మందు అందేదే కాదు.

సాయంత్రం ఫోన్ చేశాడు. "అక్కా, పొద్దున తప్పు చెప్పాను. అది ఉంది."

ఆవిడ, "సరేలేరా. నువ్వు అన్నం తిన్నావా?" అంది.

"తిన్నానక్కా" అన్నాడు.

ఆయన డబ్బా నా బల్ల చివరే ఉంది, పొద్దున పెట్టింది పెట్టినట్టే.