నర్సమ్మగారు దాచిన జ్వరం

నర్సమ్మగారు పోయారని మా ఆయన బడికి వచ్చి చెప్పినప్పుడు నేను మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. ఏడో ఎక్కం సగంలో ఉంది. ఎందుకో మరి, అది పూర్తయ్యేదాకా అక్కణ్నించి కదల్లేదు. ఆ తర్వాత మాత్రం, ఈ పదిహేను రోజులుగా, ఒకచోట కూర్చోలేకపోతున్నాను. బియ్యం కడుగుతూ కడుగుతూ వదిలేసి వీధిలోకి వస్తాను. పక్కింటి తలుపుకి వేసిన తాళం చూసి లోపలికి వెళ్తాను. మళ్ళీ వస్తాను. ఆవిడ గురించి రాస్తే మనసు కుదుటపడుతుందేమోనని మొదలుపెట్టాను. పడుతుందన్న నమ్మకం మాత్రం లేదు.

రాజోలు దగ్గర మా ఊరి సబ్ సెంటర్లో ఆవిడ ఇరవై ఏళ్ళ పైచిలుకు నర్సుగా పనిచేశారు. పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేను చూడలేదు, ఊరందరికీ నర్సమ్మగారే. భర్త చిన్న వయసులోనే పోయారు, పిల్లల్లేరు. మా పక్కింట్లోనే ఉండేవారు. టీకాల రోజున ఐస్ డబ్బా భుజాన తగిలించుకుని కాలవ గట్టు మీదుగా బయల్దేరితే, పడవెక్కి లంకలో ఇళ్ళు కూడా తిరిగి, ఎండ చల్లబడ్డాక వచ్చేవారు. మర్నాడు మళ్ళీ అవే ఇళ్ళకి వెళ్ళేవారు. ఆ రెండో రోజు వెళ్ళమని పైవాళ్ళెవరూ చెప్పలేదు. అది ఆవిడ సొంత పద్ధతి.

"పిల్లాడికి జ్వరం వచ్చిందా అమ్మా?" అని అడిగేవారు.

"అబ్బే, మీ చెయ్యి మంచిదండి. ఏం లేదండి," అనేవారు తల్లులు. చంకలో పిల్లాడు పెనంలా కాలిపోతుండేవాడు.

ఆ తల్లుల్లో నేనూ ఒకదాన్ని. కొత్తగా కాపురానికి వచ్చి, మొదటి కాన్పు అయిన రోజులు. మా అమ్మాయికి రాత్రంతా ఒళ్ళు కాలింది. తెల్లారి ఆవిడ గుమ్మంలోకి వస్తే, అంత దూరం ఎండలో తిరిగి సూది వేసిన మనిషితో ఫిర్యాదు చేస్తామా అని, "బాగానే ఉందండీ," అన్నాను. ఆవిడ పిల్ల మెడ కింద అరచెయ్యి పెట్టి చూశారు.

"నా చెయ్యి ఎలాంటిదని అడిగేనా అమ్మాయ్? పిల్లకెంత కాలిందో చెప్పమన్నాను. నేను బాధపడతానని నువ్వు దాస్తే, ఆ బాధ పిల్ల పడుద్ది," అన్నారు.

నాకు తల కొట్టేసినట్టయింది. మా స్నేహం మాత్రం అక్కడే మొదలైంది. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆ మాటలన్న మనిషే తర్వాత అదే పని చేశారు. చేయించింది ఆవిడ, రాసింది నేను.

రిటైరైన రెండేళ్ళకి రొమ్ములో గడ్డ ఉన్నట్టు ఆవిడే కనిపెట్టుకున్నారు. హైదరాబాదులో ఆపరేషన్ అయింది. కుడిచెయ్యి భుజం దగ్గర్నుంచి వాచిపోయి, పెన్ను పట్టుకోవడం కష్టమైంది. అక్కడే ఒక డాక్టరమ్మ, జబ్బు మళ్ళీ తిరగబెట్టకుండా ఒక టీకా తయారవుతోందని, దాన్ని పరీక్షిస్తున్నారని, ఇష్టమైతే చేరవచ్చని చెప్పింది. నెలకొకటి చొప్పున ఆరు సూదులు. కొందరికి మందు, కొందరికి మందులేని ఉత్త ద్రవం. ఎవరికి ఏది పడిందో వేసేవాళ్ళకీ తెలియదు, వేయించుకునేవాళ్ళకీ తెలియదు.

ఒప్పంద పత్రం తెలుగులోనే ఇచ్చారు. మా అరుగు మీద కూర్చుని మూడుసార్లు చదివారు. నాకు భయమేసింది. మన మీద ప్రయోగాలేమిటండీ, వద్దండీ అన్నాను.

"నా డబ్బాలోకి వచ్చిన ప్రతి మందూ ముందెవరో పొడిపించుకుంటేనే వచ్చింది కదమ్మా," అన్నారు. ఆగి, గొంతు తగ్గించి, "అదొక్కటే కాదులే. నాకింకా బతకాలనుంది," అన్నారు. ఆవిడ నోట తనకోసం ఒక కోరిక వినడం అదే మొదటిసారి.

రెండో శనివారాలు చూసుకుని ఇద్దరం రాజమండ్రిలో రైలెక్కేవాళ్ళం. సూది పడ్డాక వారం రోజుల పాటు రోజూ జ్వరం చూసుకుని, ఇచ్చిన పుస్తకంలో రాయాలి. ఆవిడ చెయ్యి సహకరించదు కనుక రాసే పని నాది. నాలుగో రోజున ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసి ఎలా ఉన్నారో కనుక్కుంటుంది.

మొదటి సూదికి మూడో రోజు నుంచే వణుకు పట్టుకుంది. థర్మామీటరు నూటొకటి చూపించింది. సూది పడ్డచోట నిమ్మకాయంత గడ్డ కట్టింది. నాలుగో రోజు పొద్దున్నే, నేను బడికి వెళ్ళకముందే, అలా దుప్పటి కప్పుకుని ఉన్నప్పుడు ఫోన్ మోగింది. ఆవిడ లేచి, పమిట సర్దుకుని, అవతలి మనిషి ఎదురుగా నిలబడ్డట్టే తీసుకున్నారు.

"ఆయ్, బాగానే ఉన్నానండి. మీరందరూ అంత బాగా చూసుకుంటంటే మాకేం ఇబ్బందండీ? తమరు కాఫీ అదీ తాగేరా?"

"అయితే జ్వరం లేదని రాసుకుంటున్నానమ్మా," అంది ఆ అమ్మాయి. గొంతు పెద్దది, నాక్కూడా వినిపించింది.

"ఆయ్, రాసుకోండి."

ఫోన్ పెట్టేసి ఆవిడ నా మొహం చూశారు, నేను ఆవిడ మొహం చూశాను. మా వైపు ఎవరైనా ఇంతే. ఎలా ఉన్నారని అడగ్గానే నోరు దానంతటది బాగున్నామనేస్తుంది. భోజనం పెట్టిన ఇంట్లో ఉప్పెక్కువైందని ఎలా అనమో, మందిచ్చిన వాళ్ళతో జ్వరం వచ్చిందని అలా అనలేం. ఆ అమ్మాయిది మా వైపు కాదు. అన్న మాట అన్నట్టే రాసుకుంది.

సాయంత్రం నేను పుస్తకం తెరిచాను.

"లేదని రాయమ్మా," అన్నారు.

"నూటొకటి ఉంది కదండీ."

"ఫోన్లో లేదని చెప్పేసేం. ఇప్పుడు ఉందని రాస్తే ఆ పిల్ల తప్పు రాసినట్టవదూ? పైవాళ్ళు దాన్ని తిడతారు."

రాశాను. కొన్నాళ్ళకి రెండో కారణం కూడా తెలిసింది. జ్వరం ఒక హద్దు దాటితే మిగిలిన సూదులు ఆపేయవచ్చని ఒప్పంద పత్రంలో ఒక వాక్యం ఉంది. దాని కింద ఆవిడ గీత గీసుకున్నారు. ఆపేస్తే బతికే దారి మూసుకుపోతుందని ఆవిడ భయం. నేనూ ఆ గీత గురించి అడగలేదు. నాకూ ఆవిడ బతకడమే కావాలి.

కానీ నర్సు కదా, అబద్ధం చెప్పగలిగారే గానీ అసలు లెక్క రాయకుండా ఉండలేకపోయారు. చింపేసిన కేలండరు కాగితం వెనక, ఎడమచేత్తో, పెన్సిలుతో, ఏ రోజు ఎంత ఉందో వంకర టింకరగా వేసుకునేవారు. నాలుగు సూదులకీ అంతే. పుస్తకంలో లేదు, లేదు, లేదు. కేలండరు వెనక నూటొకటి, నూట రెండు.

ఐదో సూదికి వెళ్ళినప్పుడు ఆసుపత్రి హాల్లో మా పక్కన శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినావిడ కూర్చుంది. సన్నటి మనిషి, నలభై దాటి ఉండవు. ఆవిడా ఈ టీకాలోనే చేరింది. నర్సమ్మగారు పలకరించేసరికి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"సూది పడితే చాలమ్మా, మూడు రోజులు మంచం దిగనేను. ఇక్కడ ఇంకెవ్వరికీ అలా నేదట. నాకొక్కదానికే వస్తన్నాదట. అందుకే మళ్ళీ పరీక్షలన్నీ తీస్తన్నారు. రోగం తిరగబెట్టేసిందేమో. ఇంటికాడ ఇద్దరు పిల్లలున్నారు," అంది.

నర్సమ్మగారు వాచిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కాసేపు నేలకేసి చూశారు. నాకు అప్పుడే అర్థమైంది, ఏం జరగబోతోందో. ఆవిడ మోచెయ్యి పట్టుకుని, "ఇంకా రెండే ఉన్నాయండీ. అవయ్యాక చెబుదాం," అన్నాను. చెవిలోనే అన్నాను. నా బతుకులో నేనన్న మాటల్లో నాకు బాగా సిగ్గేసే మాట అదే, కానీ ఆ క్షణాన మనస్ఫూర్తిగానే అన్నాను.

"ఊరంతా తిరిగి తల్లుల్ని తిట్టేనమ్మా నేను," అని లేచారు.

డాక్టరమ్మ గదిలో కేలండరు కాగితం సంచీలోంచి తీసి బల్ల మీద పరిచారు. జరిగిందంతా చెప్పారు. ఫోన్ చేసే అమ్మాయి అక్కడే నిలబడి ఉంది, దాని మొహం పాలిపోయింది.

"ఆ పిల్లనేం అనకండి. నేను చెప్పిందే రాసుకుంది. ఈ టీచరమ్మనీ అనకండి. నేను రాయమంటేనే రాసింది. ముందు బయటున్నావిడకి చెప్పండి, ఆవిడకొక్కదానికే కాదని," అన్నారు.

డాక్టరమ్మ కోప్పడలేదు. లేచి బయటికి వెళ్ళింది. అద్దం తలుపులోంచి చూస్తే, శ్రీకాకుళం ఆవిడ రెండు చేతుల్తో మొహం కప్పుకోవడం కనిపించింది.

తిరిగొచ్చాక పుస్తకం దిద్దే పద్ధతి చెప్పింది. చెరపకూడదు, తెల్లరంగు పూయకూడదు. ముందు రాసింది కనబడేలా ఒక్క అడ్డగీత కొట్టి, పక్కన నిజం రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. నేను పెన్ను తీశాను. ఆవిడ నా చేతిలోంచి లాక్కున్నారు. వాచిన వేళ్ళతో, ఒక్కో "లేదు" మీద ఒక్కో గీత. మధ్యమధ్యలో ఆగి చెయ్యి విదిలించుకుంటూ ఆ పని పూర్తి చేసేసరికి మధ్యాహ్నం దాటింది. విషయం తేలేదాకా మీకు సూదులు ఆపుతున్నామని అప్పుడు చెప్పారు. ఆ మిగిలిన రెండూ ఇక పడనే లేదు.

తిరుగు ప్రయాణంలో నేను ఆవిడతో మాట్లాడలేదు. రావులపాలెంలో బస్సు మారాక మాత్రం ఆగలేక, "ఎవరో ఏమిటో తెలీని మనిషి కోసం మీ ప్రాణం వదులుకున్నారు కదండీ," అన్నాను.

"వదులుకోలేదమ్మా, భయంగానే ఉంది. కానీ నేనక్కడ కూర్చుని ఆవిడ ఏడుస్తంటే చూడలేకపోయేను," అన్నారు. నేను మొహం తిప్పుకుని కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆవిడ బాగానే తిరిగారు. పోయిన ఏడాది జబ్బు ఎముకల్లోకి వచ్చింది. అప్పటినుంచి నాకు ఒకటే గోల. ఆ రెండూ పడి ఉంటే? ఒకసారి అడిగేశాను కూడా. "నాకు పడినవి ఉత్త నీళ్ళేనేమో," అన్నారు. మరి జ్వరమో అంటే, "అది వాళ్ళు తేల్చాలి. మనం చెప్పాల్సింది చెప్పేం," అన్నారు. ఎవరికి ఏది పడిందో మాకు ఇప్పటికీ తెలియదు. శ్రీకాకుళం ఆవిడ ఎలా ఉందో తెలియదు. నర్సమ్మగారు చేసింది మంచిపని అని నా బుద్ధికి తెలుసు. కానీ పొద్దున్నే ఆ తాళం చూడగానే బుద్ధి ఎందుకూ పనికిరావడం లేదు. ఆవిడ మీద కోపం వస్తుంది, వెంటనే ఏడుపొస్తుంది.

సూదులు ఆపినా, చేరినవాళ్ళ బాగోగులు చివరిదాకా కనుక్కోవాలట. మూడు నెలలకోసారి ఆ అమ్మాయి ఫోన్ చేస్తూనే ఉంది. ఆవిడకి ఇక దానివల్ల ఒరిగేదేమీ లేదు. అయినా ఆ ఫోన్ కోసం కాచుకుని కూర్చునేవారు. చెయ్యి తిమ్మిరి, ఆకలి లేకపోవడం, మెట్లెక్కితే ఆయాసం, ఒక్కటీ దాచేవారు కాదు. ఫోన్ అరగంట నడిచేది.

చివరి ఫోన్ ఆవిడ పోవడానికి పది రోజుల ముందు వచ్చింది. అప్పటికి రిసీవరు పట్టుకునే ఓపిక లేదు. నేను మంచం పక్కన కూర్చుని చెవి దగ్గర పట్టుకున్నాను. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటూ చెప్పారు.

"అన్నం సయించట్లేదమ్మా. నడుం ఎముకలో నొప్పి, ఎడంవైపు. మందు వేసుకుంటే రెండు గంటలు ఆగుద్ది, మళ్ళీ వస్తంది. నాలుగు రోజులై మంచం దిగలేదు. భయం ఉందమ్మా. పొద్దున్న తక్కువ, సందెవేళ ఎక్కువ. అదీ రాసుకో."

అవతల నుంచి జవాబు లేదు. ఆవిడ నాకేసి చూశారు.

"మొత్తం రాసుకుందో లేదో కనుక్కోమ్మా."

రిసీవరు నా చెవికి ఆనించుకున్నాను. రాసుకుందండీ అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆవిడ కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి.

"లేదండీ. ఏడుస్తోంది," అన్నాను.

నర్సమ్మగారు కళ్ళు మూసుకున్నారు.

"ఏడవనీ. మనకేం తొందర లేదు. కళ్ళు తుడుచుకుని రాసుకోమను," అన్నారు.

రిసీవరు మళ్ళీ ఆవిడ చెవి దగ్గర పట్టుకున్నాను. ముగ్గురం అలాగే ఉండిపోయాం. చాలాసేపటికి అవతల కాగితం తిప్పిన చప్పుడు వినిపించింది.

"ఆయ్, మళ్ళీ మొదటినించి చెబుతాను," అన్నారు నర్సమ్మగారు.