ఖాలా చెంచా

ఖాలా పోయిందని నాకు మొదట చెప్పింది మా గేటు దగ్గరి వాచ్‌మన్. మొన్న పొద్దున మా ఊరు హవేలిఘనపూర్ నుంచి వచ్చి ఆటో దిగుతుంటే ఎదురొచ్చాడు. "అక్కా, ఖాలా పోయింది. చాయ్ ఇద్దామని లేపితే లేస్తలేదు" అన్నాడు. నా చేతిలో తోటకూర కట్టలున్నాయి. ముందు రోజు ఆమే తెమ్మని చెప్పింది. వాటిని పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయాను. ఆకు తడంతా చీరకు అంటుతున్నా, కింద పెట్టాలని కూడా తోచలేదు.

నేను మెదక్‌లో ఒక వృద్ధుల నివాసంలో వంట చేస్తాను. చర్చి గంట మా వంటింట్లోకి వినబడుతుంది. ఇరవై మంది దాకా పెద్దవాళ్లుంటారు. చాలామందికి షుగరు, కొందరికి బీపీ. నోట్లో పళ్లు సగం మందికి లేవు గానీ, వంటకు వంకలు పెట్టడంలో ఎవరూ తక్కువ తినలేదు. ఖాలా అంటే ఉర్దూలో అమ్మకు అక్కో చెల్లెలో. వరసతో పని లేకుండా అందరూ ఆమెను అలాగే పిలిచేవారు. ఆమెకంటే వయసులో పెద్దవాడైన కండక్టర్ సాబ్ కూడా ఖాలా అనేవాడు. ఆయన బస్సుల్లో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. ఇప్పటికీ చొక్కా జేబులో పెన్ను లేకుండా హాల్లోకి రాడు.

ఖాలా భర్తకు ఒకప్పుడు బస్టాండు దగ్గర చిన్న హోటల్ ఉండేది. పరదా వెనక కూర్చుని మసాలాలు నూరడం ఆమె పని. పొద్దున కూర దించగానే ఆయన ఒక చెంచా నిండా తీసి పరదా పక్క నుంచి చెయ్యి చాపేవాడట. ఈమె రుచి చూసి "బరాబర్ ఉన్నది" అంటేనే మొదటి ప్లేటు బయటికి వెళ్లేది. పిల్లలు లేరు. ఆయన పోయాక హోటల్ పోయింది. చేగుంటలో ఉండే మరిది కొడుకు ఆమెను మా దగ్గర చేర్పించాడు. వచ్చేటప్పుడు బట్టల మూటలో ఆ చెంచా కూడా తెచ్చుకుంది. కాడ కొంచెం వంగిన స్టీలు చెంచా.

చేరిన మర్నాడే ఆ చెంచా పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడింది. "జర చూపియ్యి బేటా" అంది. నాకు ఒళ్లు మండింది. ఏళ్ల తరబడి వండుతున్న నాకు పరీక్ష పెట్టడానికి ఈమె ఎవరనుకున్నాను. అయినా పెద్దమనిషి కదా అని ఒక చెంచా పప్పు పోశాను. కళ్లు మూసుకుని చప్పరించి, "మంచిగున్నది. పోపు జర మాడింది" అంది. నిజంగానే మాడింది. అప్పటి నుంచి మధ్యాహ్నం మొదటి చెంచా ఆమెదే. హాల్లో తన కుర్చీలో కూర్చుని రుచి చూసి "బరాబర్ ఉన్నది, తినుండ్రి" అనేదాకా ఎవరూ అన్నం కలిపేవారు కాదు.

ఆ మాట విలువ ఉప్పు తగ్గించినప్పుడు తెలిసింది. మా దగ్గరికి వచ్చే డాక్టరమ్మ కాళ్ల వాపులు చూసి, అందరికీ ఉప్పు సగానికి తగ్గించమంది. ఆమె చెప్పింది న్యాయమే. కానీ హాల్లో పెద్ద గొడవైంది. కండక్టర్ సాబ్ పళ్లెం ముందుకు తోసి, "గిది పప్పా, దవాఖాన నీళ్లా?" అన్నాడు. కిటికీ దగ్గర మంచమున్న పెద్దమ్మ అయితే తిండే మానేసింది. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేది. చూస్తుండగానే ఆమె గాజులు మోచేతి దాకా జారడం మొదలుపెట్టాయి. నాకు భయం పట్టుకుంది.

అప్పుడు ఖాలా వంటింట్లో పీట వేసుకుని కూర్చుంది. "ఉప్పు తీసేస్తే దాని జాగల ఇంకోటి పెట్టాలె కదా బేటా. ఉత్తగ తీసేస్తే ఎట్ల తింటరు?" అంది. పప్పు దించాక నిమ్మకాయ పిండించింది. సొరకాయ మెత్తగా ఉడికించి పప్పుతో దాల్చా చేయించింది. కిచిడీలోకి చింతపండు, నువ్వులతో పల్చటి ఖట్టా. జొన్న రవ్వతో ఉడికించిన గట్కను మజ్జిగలో జారుగా కలిపి, వేయించిన జీలకర్ర నలిపి పైన చల్లడం. పళ్లు లేనివాళ్లకు మాంసం మానేయకుండా, ఆదివారం ఖీమాను సన్నగా కొట్టించి వెన్నలా ఉడికించడం. ఏ ముక్కనైనా రెండు వేళ్ల మధ్య నొక్కి చూసేది. నలగకపోతే మళ్లీ పొయ్యి మీదికే. పళ్లెంలో అన్నీ తెల్లగా కనబడితే ఒప్పుకునేది కాదు. పక్కన ఎర్రగా బీట్‌రూట్ పెరుగు పచ్చడో, పచ్చగా పుదీనా చట్నీయో ఉండాల్సిందే. "పళ్లెం చూస్తే రోగం యాదికి రావొద్దు" అనేది.

ఇవన్నీ చేసినా, అసలు పని ఆ చెంచాదే. ఆమె "బరాబర్" అన్నాక ఉప్పు లేదనడానికి ఎవరికీ నోరు రాలేదు. పెద్దమ్మ మళ్లీ రెండోసారి పప్పు అడిగిన రోజు, నేను వంటింట్లోకి వెళ్లి కొంగుతో కళ్లు తుడుచుకున్నాను.

ఖాలా నడుమ ఒకసారి జ్వరం వచ్చి చాలా రోజులు మంచం పట్టింది. లేచాక మునుపటిలాగే చెంచా పట్టుకుని వచ్చింది. నాకు తేడా ఏమీ తెలియలేదు. తెలిసింది రంజాన్ పండుగ రోజు.

ఆ రోజు ఆమె కోసమని పాలు, సేమ్యాతో షీర్ ఖుర్మా చేశాను. షుగరున్నవాళ్లు ఉన్నారని పంచదార కొద్దిగానే వేయాలనుకున్నాను. నా ఖర్మ కొద్దీ పంచదార డబ్బా, ఉప్పు డబ్బా ఒక్కలాంటివే. మొదటి చెంచా ఖాలాకు ఇచ్చాను. కొత్త చీర కట్టుకుని, మొహమంతా నవ్వుతో రుచి చూసింది. "బరాబర్ ఉన్నది బేటా. మస్తున్నది" అంది. పక్కనే కండక్టర్ సాబ్ ఆత్రంగా ఒక గుక్క తాగి అంతా కక్కేశాడు. "ఉప్పమ్మా తల్లీ, ఉప్పు!" అన్నాడు.

ఖాలా మొహంలో నవ్వు ఆగిపోయింది. అంతలోనే తేరుకుని, "మజాక్ చేసిన భయ్యా! పండుగ పూట నిన్ను నవ్విద్దామని" అంది. హాలంతా పగలబడి నవ్వింది. కండక్టర్ సాబ్ ఆమె వైపు కాసేపు చూసి, అందరికంటే ఆఖరున నవ్వాడు.

అందరూ పడుకున్నాక, మధ్యాహ్నం ఆమె వంటింట్లోకి వచ్చింది. నేను గిన్నెలు తోముతున్నాను. "జ్వరం వచ్చినప్పటి సంది నాలుక సచ్చిపోయింది బేటా. ఉప్పు తెలుస్తలేదు, తీపి తెలుస్తలేదు. అన్నం బట్ట నమిలినట్టే ఉన్నది" అంది. చేతిలో గిన్నె పక్కన పెట్టాను. అందరికీ తినబుద్ధి పుట్టించిన మనిషి, తాను ఏ రుచీ లేకుండా అన్ని రోజులు తింటూ వచ్చిందా అనుకున్నాను. ఆమె నా తడి చెయ్యి పట్టుకుంది. "ఎవ్వలకు చెప్పకు. ఆయన పోయిండు, హోటల్ పోయింది. గీ చెంచా ఒక్కటే మిగిలింది నాకు. గిది కూడ గుంజుకుంటే ఇగ నేనెందుకు?" అంది.

నేను చెప్పలేదు. ఆ మర్నాటి నుంచి చెంచా అందించేటప్పుడే ఏదో ఒకటి అనేదాన్ని. "నిమ్మకాయ ఎక్కువైందేమో చూడు ఖాలా" అనో, "పులుసు సరిపోయింది కదా" అనో. ఆమె చప్పరించి, ఆలోచించి, నేను చెప్పిందే తీర్పుగా చెప్పేది. అదే రోజుల్లో కండక్టర్ సాబ్‌కు ఒక కొత్త అలవాటు వచ్చింది. ఖాలా కంటే ముందే దొంగతనంగా ఒక ముద్ద నోట్లో వేసుకుని, ఆమె వైపు తిరిగి తల ఊపడమో మొహం చిట్లించడమో చేసేవాడు. ఆకలికి ఆగలేకపోతున్నాడని నేను విసుక్కునేదాన్ని.

మొన్న మరిది కొడుకు వచ్చి ఆమెను తీసుకెళ్లాడు. మధ్యాహ్నం నమాజు తర్వాత మట్టి చేశారు. ఆ రోజు మా దగ్గర ఎవరూ సరిగ్గా తినలేదు. చెంచా మాత్రం ఆమె దిండు పక్కనే ఉంటే నేను తెచ్చి కడిగి పెట్టాను.

నిన్న ఆ తోటకూరే పప్పులో వేశాను. ఏం వేశానో ఏం వేయలేదో నాకు ధ్యాస లేదు. పప్పు దించి, అలవాటుగా చెంచా నింపి హాల్లోకి వచ్చాక గుర్తొచ్చింది, ఎవరికివ్వాలి? అందరూ వడ్డించిన పళ్లేల ముందు కూర్చుని నన్నే చూస్తున్నారు. ఎవరూ అన్నం కలపలేదు. పెద్దమ్మ అప్పుడే పళ్లెం పక్కకు జరుపుతోంది. ఇక వీళ్లు తినరు, మళ్లీ మొదటికొచ్చింది అనుకుని ఏడుపు ఆపుకోలేకపోయాను.

కండక్టర్ సాబ్ కర్ర పట్టుకుని లేచాడు. మెల్లగా నా దగ్గరికొచ్చి, చెంచా తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. కాసేపు అలాగే ఉంచుకున్నాడు. గొంతు కదిలింది.

"బరాబర్ ఉన్నది" అన్నాడు. "తినుండ్రి."

అందరూ అన్నం కలిపారు. ఉప్పు అడగలేదు, పచ్చడి అడగలేదు. పెద్దమ్మ పళ్లెం దగ్గరికి లాక్కుంది. వడ్డన అయ్యాక నేను వంటింట్లో కూర్చుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పప్పులో ఉప్పు తక్కువ కావడం కాదు, అసలు వేయనే లేదు.

పరుగున గుమ్మంలోకి వచ్చాను. కండక్టర్ సాబ్ నాలుకకు ఏ లోటూ లేదని నాకు తెలుసు. రోజూ ఖాలా కంటే ముందే ముద్ద తిని, ఆమె వైపు ఎందుకు తల ఊపేవాడో అప్పుడు తెలిసింది. ఆయన తల వంచుకుని పళ్లెం తుడుచుకు తింటున్నాడు. చొక్కా జేబులో పెన్ను పక్కన, ఖాలా చెంచా వంగిన కాడ పైకి కనబడుతోంది.