బ్రెడ్డు తేని చుట్టాలు

మా ఇంట్లో బ్రెడ్డు అంటే జ్వరం. ఒంట్లో బాగున్నవాళ్ళెవరూ దాని జోలికి పోరు. మా ఆఫీసు క్యాంటీన్‌లో పొద్దున్నే జనం వరసకట్టి బ్రెడ్డు కాల్పించుకు తింటారని చెబితే, "పాపం, అందరికీ ఏమొచ్చిందే?" అన్నాడు నాన్న. గచ్చిబౌలి మొత్తం మంచాన పడ్డట్టే జాలిపడ్డాడు.

కృష్ణా జిల్లా నుంచి వచ్చి, బాలానగర్‌లో ఫ్యాక్టరీ పని చేసి రిటైరైన మనిషి. తోటివాళ్ళలో ఎవరికి బాగాలేదన్నా బ్రెడ్డు పాకెట్టు పట్టుకుని బయల్దేరేవాడు. కొన్న పాకెట్టుని ముందు మా దేవుడి గూట్లో పెట్టి, దణ్ణం పెట్టుకుని, అప్పుడు తీసుకెళ్ళేవాడు. చిన్నప్పుడు నేనూ వెంటపడేదాన్ని. మంచం పక్కన కూర్చుని, ముక్క పాలల్లో ముంచి తన చేత్తో తినిపిస్తూ, "తగ్గిపోతుందిలే" అనేవాడు. గుళ్ళో తీర్థానికి చెయ్యి చాపినంత భక్తిగా వాళ్ళు నోరు తెరిచేవాళ్ళు.

కిందటేడు ఆయనకే వచ్చింది, తగ్గని జబ్బు. డాక్టరు మాకు చెప్పాడు, మేం నాన్నకి చెప్పలేదు. గ్యాస్ ట్రబుల్ అన్నాం. బ్రెడ్డు పాకెట్లు వరసగా వచ్చిపడితే ఆయనకి అనుమానం వస్తుందని అమ్మ భయం. అందుకని వచ్చేవాళ్ళందరికీ ముందే ఫోన్ చేసి చెప్పాను, ఏం తెచ్చినా బ్రెడ్డు మాత్రం తేవద్దని. నిజాంపేటలో మా ఎదురు ఫ్లాటు పెద్దావిడ నొచ్చుకుంది.

"గిదేంది బిడ్డా, పానం బాగలేని మనిషిని చూడనీకి బ్రెడ్డు లేకుంట ఎట్ల రావాలె? నాకు మంచిగనిపిస్తలేదు."

అయినా నా మాట కాదనలేదు. అందరూ వచ్చారు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చుని, వానల గురించీ ట్రాఫిక్ గురించీ మాట్లాడి వెళ్ళారు. ఆఫీసులో ప్రాజెక్టు నడిపినట్టు ఎంత బాగా నడిపించానో అని లోలోపల కాస్త గర్వపడ్డాను కూడా.

ఒక సాయంత్రం మాత్ర ఇవ్వబోతే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"గ్యాసే అయితే ఈపాటికి మనింట్లో బ్రెడ్డు పెట్టడానికి చోటుండేది కాదమ్మా. ఒక్కళ్ళూ తేలేదు. అందరికీ ఏం చెప్పావు?"

మంచం పట్టె మీద తల పెట్టుకుని ఏడ్చేశాను.

"ఊరుకో. కిందకెళ్ళి ఒకటి పట్రా. ఇంతమందికి తీసుకెళ్ళాను, నాకు ఒక్కళ్ళు కూడా తేకుండానే పోవాలా?"

తెచ్చాను. దేవుడి గూట్లో పెట్టాను గానీ ఏమని దణ్ణం పెట్టుకోవాలో తోచలేదు. పాలు వెచ్చబెట్టి, ముక్క ముంచి నోటికందించాను.

"తగ్గిపోతుందిలే నాన్నా" అన్నాను.

ఆయన చేతి బ్రెడ్డు తిన్నవాళ్ళలో చాలామందికి తగ్గలేదని అప్పుడు గుర్తొచ్చింది. వాళ్ళలాగే నాన్న కూడా నమ్మినట్టు తలూపాడు.