మూడు ఇయర్‌ఫోన్లు, అంజయ్య కుడి చెవి

2023 వేసవి. నరసరావుపేటలో మా ఆడియో షాపు. అంతకుముందు చాలా ఏళ్లు దినపత్రికలో పనిచేశాను. అది మానుకున్నాక ఇయర్‌ఫోన్లు, చిన్న స్పీకర్లు అమ్మడం, బాగుచేయడం మొదలుపెట్టాను. ఒక మధ్యాహ్నం మంచి ఎండలో మాచర్ల నుంచి అంజయ్య, ఆయన భార్య శేషమ్మ వచ్చారు.

అంజయ్యది మైకుసెట్టు. పెళ్లిళ్లకు, మీటింగులకు కూడా కడతాడు కానీ ఆయనకు పేరు తెచ్చింది పద్యనాటకాలు. నటుడు రాగం తీస్తుంటే ఎక్కడ పెంచాలో, ఎక్కడ తగ్గించాలో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని విలేకరిగా తిరిగే రోజుల్లోనే విన్నాను. శేషమ్మ ఆయన వెంటే ఉండి వైర్లు పరచడం, చుట్టడం చూసుకునేది.

ఇప్పుడు ఆ పేరే పోతోంది. ఏడాదిగా ఎక్కడ సెట్టు కట్టినా సౌండు చెవుల్లో గుచ్చుతోందని నటులు అంటున్నారట. అంజయ్య స్పీకర్ బాక్సుల్లో సన్నని శబ్దాలు పలికించే ట్వీటర్లు మార్చాడు, మిక్సర్ మార్చాడు, మాట మాత్రం మారలేదు. పైవారం రొంపిచెర్లలో నాటకం ఉంది. అక్కడా ఇదే మాట వస్తే సెట్టు అమ్మేస్తానని, కొనడానికి డీజే నడిపేవాడొకడు సిద్ధంగా ఉన్నాడని చెప్పాడు. మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వింటే తప్పెక్కడుందో తెలుస్తుందని ఎవరో అన్నారట.

"ఉన్నది ఉన్నట్టు చెప్పేది ఇయ్యి తమ్ముడూ. ముఖస్తుతి చేసేది నాకొద్దు," అన్నాడు.

చెవి లోపలికి పెట్టుకునే ఇన్-ఇయర్లు పైకి ఒకేలా కనిపిస్తాయి. వినిపించే తీరు మాత్రం దేనిది దానిదే. దాన్నే సౌండ్ సిగ్నేచర్ అంటాం. ఆయన ముందు మూడు రకాలు పెట్టాను. మొదటిది వీ-షేప్. అడుగున బరువుగా మోగే బేస్‌ను, పైన సన్నగా మోగే ట్రెబుల్‌ను ఎత్తి చూపిస్తుంది, మధ్యలో ఉండే మనిషి గొంతు కాస్త వెనక్కి పోతుంది. రెండోది వార్మ్. గొంతు దగ్గరగా, మెత్తగా ఉంటుంది, పదును తక్కువ. మూడోది అనలిటికల్. దేన్నీ దాచదు. హార్మోనియం తిత్తిలో గాలి, పద్యం ఎత్తుకునే ముందు నటుడు పీల్చే ఊపిరి, తాళాల చివరి వణుకు, అన్నిటినీ విడివిడిగా వినిపిస్తుంది. సినిమా పాటలకు అలవాటుపడినవాళ్లు దీన్ని విని, మరీ పదునుగా ఉందని పక్కన పెట్టేస్తుంటారు.

అంజయ్య పెన్‌డ్రైవ్ తెచ్చుకున్నాడు. తన మిక్సర్ నుంచి తానే రికార్డు చేసిన నాటకం అది. మొదటిది పెట్టుకుని, పద్యం పక్కూళ్లో పాడుతున్నట్టుందన్నాడు. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. రెండోది పెట్టుకుని తల ఊపి, బాగుంది కానీ బెల్లం ఎక్కువేశారన్నాడు. అదీ నిజమే. ఇన్నేళ్ల అనుభవం ఊరికే పోలేదని ముచ్చటేసింది. మూడోది మాత్రం పెట్టుకుని, తీసి చూసి, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఇదేంది తమ్ముడూ, దుప్పటి కప్పినట్టుంది? తాళాలేవి?"

ఆ ఇన్-ఇయర్ గురించి ఎవరి నోటా నేను వినని మాట అది. తీసుకుని నేను పెట్టుకున్నాను. రెండు క్షణాలు కూడా ఉంచుకోలేక తీసేశాను. రికార్డింగులో ట్రెబుల్ అంత ఎక్కువగా ఉంది. తాళాలు చెవిలో మేకు దిగ్గొట్టినట్టు మోగుతున్నాయి. రబ్బరు టిప్పు చెవికి సరిగ్గా కూర్చోకపోయినా శబ్దం మారుతుంది కాబట్టి ముందు టిప్పులు మార్చి ఇచ్చాను. తేడా రాలేదు. కుడి పక్క మరీ మందంగా ఉందని, ఆ పీసు పోయి ఉంటుందని అంజయ్య తేల్చాడు.

మా పనిలో దీనికొక పరీక్ష ఉంది. కుడి పీసును ఎడమ చెవికి, ఎడమ పీసును కుడి చెవికి మార్చి వినాలి. పీసులో లోపముంటే మందం పీసుతోపాటు అటు పోతుంది. అదే చెప్పాను. ఆయన మార్చుకుని విన్నాడు. తీసి, మళ్లీ మొదట ఉన్నట్టే పెట్టుకుని విన్నాడు. ఎటు మార్చినా మందం కుడి వైపే ఉంది. పెన్‌డ్రైవ్‌లో పద్యం నడుస్తూనే ఉంది, ఆయన మాత్రం వినడం మానేసి కౌంటర్ గాజు వైపు చూస్తున్నాడు.

శేషమ్మ వాటిని తీసుకుని చెవి దగ్గర పెట్టుకోబోయి, వెంటనే దూరం జరిపింది.

"ఏవయ్యా, ఇన్నాళ్లూ ఈ మోతా జనానికి ఇనిపిచ్చింది?" అంది. తర్వాత నా వైపు తిరిగి, "ఇంట్లో కుక్కరు కూతేస్తే పట్టిచ్చుకోడు. బద్ధకమనుకుని చానా తిట్టా," అంది. గొంతులో ఇప్పుడు కోపం లేదు.

తనకు వినపడని ట్రెబుల్‌ను అంజయ్య, పక్కనున్న బాక్సు హోరులో వినపడేదాకా పెంచుతూ వచ్చాడు. ఇయర్‌ఫోన్‌లో అంత హోరు లేక తాళాలు ఆయనకు అందలేదు. జనం గుచ్చుతోందన్నప్పుడల్లా పెట్టెలను అనుమానించాడు. గుబిలి అడ్డుపడినా ఇలా కావచ్చని, ముందు చెవి డాక్టర్‌కు చూపించుకోమని పంపాను. సాయంత్రం బస్సెక్కే ముందు మళ్లీ వచ్చారు. గుబిలి కాదట. రెండు చెవుల్లోనూ సన్నని శబ్దాలు తగ్గాయి, కుడి చెవిలో మరీ ఎక్కువ, పోయింది తిరిగి రాదన్నాడట డాక్టరు. ఎన్నికల ప్రచారం జీపుల్లో మైకు హారన్ కింద కూర్చుని, నాటకాల్లో బాక్సు పక్కన ఎప్పుడూ కుడి వైపే నిలబడి గడిపిన జీవితం మరి.

"సెట్టు అమ్మేద్దామే," అన్నాడు అంజయ్య, భార్యతో.

"నీకినపడకపోతే నాకినపడదా? నేను జనంలో కూర్చుంటా. చెయ్యి ఆడిస్తా, నువ్వు తిప్పు," అంది ఆమె.

ఆయన కౌంటర్ మీది పెన్‌డ్రైవ్ తీసి జేబులో వేసుకున్నాడు. ఆ రోజు వాళ్లు నా దగ్గర ఏమీ కొనలేదు. కొనాల్సిన అవసరమూ లేదు.

అప్పటి నుంచీ ఇన్-ఇయర్ల గురించి నేను చెప్పే తీరు మారింది. పోల్చి చూసుకునేవాళ్లకు పీసులు అటూ ఇటూ మార్చి వినమని మొదటే చెబుతాను. ఒక ఇయర్‌ఫోన్ డల్‌గా ఉందని ఎవరైనా అంటే వెంటనే ఇంకొకటి తీయను. ఎవరి చెవితో విని ఆ మాట అంటున్నారో కాసేపు ఆలోచిస్తాను.

పైవారం రొంపిచెర్ల వెళ్లాను. పొద్దు వాలుతుండగా వేదిక మీద హార్మోనియం శ్రుతి చూస్తున్నారు. అంజయ్య మిక్సర్ దగ్గరున్నాడు, శేషమ్మ నాలుగో వరసలో ఆడవాళ్ల మధ్య కుర్చీలో కూర్చుంది. నటుడొకడు పద్యం ఎత్తుకుని రాగం తీశాడు. ఆమె అరచెయ్యి కిందికి వంచింది. అంజయ్య ట్రెబుల్ బటన్ కొద్దిగా తిప్పాడు. ఆమె మళ్లీ వంచింది. ఆయన చెయ్యి బటన్ మీదే ఆగింది. ఆయనకు అప్పటికే తాళాలు వినపడటం లేదని పక్కనున్న నాకు తెలుసు. ఒకసారి భార్య ముఖంలోకి చూసి, ఇంకా తగ్గించాడు. వేదిక మీద హార్మోనియం వాయించే ఆయన తలెత్తి మిక్సర్ వైపు చూసి, చాలు, ఇప్పుడు బాగుందన్నట్టు చెయ్యి ఊపాడు.