ఒక్క పూట ఇన్‌చార్జి

మా వార్డు హెడ్ నర్సును అందరూ పెద్దక్క అంటారు. అక్కడే నర్సుగా చేస్తున్న నాకంటే మూడేళ్లే పెద్ద, అయినా నేనూ అలాగే అంటాను. నర్సింగ్ చివరి ఏడాది పిల్లలు ఆమె దగ్గరికే వస్తారు. సూది గుచ్చడం, కట్టు కట్టడం వాళ్లకు అప్పటికే వచ్చు. పెద్దక్క నేర్పేది వేరు. ఆఖరి నెలలో ఒక్కొక్కరికి ఒక ఉదయం డ్యూటీ అంతా అప్పజెప్పి, తాను మూలన స్టూలేసుకుని కూర్చుంటుంది. ఆ పూటకు వార్డు ఇన్‌చార్జి ఆ పిల్లే. బాగా నడిపితే శిక్షణ పుస్తకంలో పెద్దక్క సంతకం. రెండుసార్లు తప్పితే ఆర్నెల్ల శిక్షణ మళ్లీ మొదటికొస్తుంది.

ఒక ఏడాది నోట్లో నాలుక లేని పిల్ల ఒకతె వచ్చింది. చేతిపని మాత్రం బంగారం. చిక్కంతా అక్కడే. ఎవరికీ పని చెప్పలేక అన్నీ తానే నెత్తినేసుకునేది. మొదటి పూట ఇరవై పడకల మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఆమె చేతికిందిచ్చిన జూనియర్లిద్దరూ కిటికీ దగ్గర కబుర్లలో ఉన్నారు. పెద్దక్క సంతకం పెట్టలేదు.

"అందరి బీపీలూ నేనే చూశానక్కా, ఒక్కటీ వదల్లేదు" అంది ఆ పిల్ల, కళ్లనీళ్లతో.

"చూశావులే. నువ్వు బీపీలు చూస్తుంటే వార్డునెవరు చూశారు?"

నాకు ఒళ్లు మండింది. అంత కష్టపడే పిల్లను ఏడిపించడమేమిటని పెద్దక్కతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆమెకేం, నా గోల లేక ప్రాణానికి హాయిగా ఉంది.

రెండో పూట వచ్చింది. ఇక మూడోది లేదు. పొద్దున్నే ఆ పిల్ల జూనియర్లకు పడకలు పంచింది, గొంతు వణుకుతూనే. పదిన్నరకు ఆరో పడక తాతగారికి ఆయాసం మొదలైంది. వేలికి క్లిప్పు పెట్టి చూస్తే ఆక్సిజన్ ఎనభై ఆరుకు పడిపోయింది. ఆ పిల్ల సిలిండరు కోసం తానే పరుగందుకుంది. రెండడుగులు వేసి టక్కున ఆగిపోయింది.

"నువ్వు తాతగారిని లేపి కూర్చోబెట్టు. నువ్వు మిగతా పడకలు చూసుకో" అని జూనియర్లకు చెప్పింది. "సిస్టర్, డాక్టరుగారికి ఫోన్ కలపండి" అని నాకు చెప్పింది. అప్పటికే లేవబోతున్న పెద్దక్క వైపు తిరిగింది. "పెద్దక్కా, మీరు సిలిండరు తెండి. త్వరగా!"

ఇన్నేళ్లలో ఆమెకు పని చెప్పిన స్టూడెంటు లేదు. పెద్దక్క పరుగెత్తింది.

రౌండ్స్ అయ్యాక వస్తానన్నాడు డాక్టరు. నా చేతిలోని ఫోను ఆ పిల్ల లాక్కుంది.

"కాదు సార్, ఇప్పుడే రావాలి. ఇంకా పడిపోతోంది. మీరు బయల్దేరేదాకా నేను ఫోన్ పెట్టను."

ఈసారి గొంతు వణకలేదు. డాక్టరు వచ్చాడు. ఒంటిగంటకల్లా తాతగారు తేరుకుని దాహమన్నారు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

డ్యూటీ అప్పగించేటప్పుడు ఆ పిల్ల అన్నీ చెప్పి, చివర్న తనంతట తానే అంది: "తొమ్మిదిన్నరకే ఆయన కొంచెం అలసటగా ఉందన్నారు. అప్పుడే క్లిప్పు పెట్టించాల్సింది. తప్పు నాదే."

పెద్దక్క పుస్తకం లాక్కుని సంతకం పెట్టింది. మామూలుగా అర పేజీ తిట్లు రాసే మనిషి, పక్కన ఒక్క వాక్యం రాసింది: "ఈమె ఇన్‌చార్జి అయితే నేను ఈమె కింద పనిచేస్తాను."