మూడో మలుపు దగ్గర సైకిలు దిగాను

ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలంలో రెండో శుక్రవారం. గోకవరం దాటి మన్యంలోకి పోయే ఘాటు బాటలో, మూడో మలుపు దగ్గర, నా చేతులు చల్లబడ్డాయి. నడినెత్తిన ఎండ. సైకిలు హ్యాండిలు కాలిపోతోంది. దాన్ని పట్టుకున్న వేళ్లు మాత్రం మాఘమాసంలో తెల్లవారుజామున గోదావరిలో ముంచినట్టున్నాయి. పళ్లు కొట్టుకోవడం మొదలైంది. అప్పటిదాకా ఆ ఘాటులో నేను ఎక్కడా సైకిలు దిగలేదు. ఆ రోజూ దిగలేదు.

నేను గోదావరి లంకలో పుట్టినవాణ్ని. కాలవగట్టు ఎక్కడమే మాకు కొండ ఎక్కడం. రాజమండ్రిలో ఉపదేశిగా ఉండగా, స్వదేశం వెళ్లిపోతూ మా మిషను దొరగారు తన సైకిలు నాకిచ్చారు. కొండ మీద ఒక పల్లెలో ఎనిమిది కుటుంబాలు వాక్యం నేర్చుకుంటున్నాయి. వారిని ఈస్టరు నాటికి బాప్తిస్మానికి సిద్ధం చేయమని మా పాస్టరు అయ్యగారు నాకు అప్పగించారు. గురువారం బయలుదేరి రాత్రికి గోకవరంలో ఆగి, శుక్రవారం కొండెక్కి, సోమవారం తిరిగి వచ్చేవాణ్ని.

గోకవరం వరకు బాట దాదాపు చదునే. తర్వాత అడవి. మొదటి ఎత్తు పొడవుగా మెల్లగా లేస్తుంది. రెండోది వాగు దాటగానే వస్తుంది, గులకరాళ్ల మీద చక్రం జారుతుంది. మూడో మలుపు నిట్టనిలువు. దిగేటప్పుడు బ్రేకు పట్టేది కాదు. ఒక కొమ్మ నరికి తాడుతో సీటు కింద కట్టి, వెనక ఈడ్పించుకుంటూ దిగేవాణ్ని. ఎక్కేటప్పుడు ఒక్క కీర్తన మొదలుపెట్టి, అది ముగిసేలోగా మూడో మలుపు దాటాలని నియమం పెట్టుకున్నాను. దాటిన ప్రతిసారీ దేవుడు నా విశ్వాసాన్ని మెచ్చాడనుకునేవాణ్ని.

మన్యం వెళ్లేవాళ్లు చలిజ్వరం రాకుండా రోజూ ఉదయం ఏదో ఒకటి తిని క్వినైన్ వేసుకోవాలని ఆస్పత్రిలో ముందే చెప్పారు. నా భార్య శాంతమ్మ ఆ బిళ్లల్ని బెల్లంలో చుట్టి రేకు డబ్బాలో పెట్టి ఇచ్చేది. అయితే శ్రమకాలం వచ్చింది. మా సంఘంలో కొందరం ఆ నలభై రోజులూ పొద్దు గుంకేదాకా మంచినీళ్లు తప్ప ముట్టేవాళ్లం కాదు. నాలుక మీద బెల్లం పడితే ఉపవాసం చెడినట్టే. సాయంత్రం వేసుకోవచ్చు. కానీ క్వినైన్ వేసుకుంటే చెవుల్లో హోరు పుట్టేది, బోధ చెప్పడం కష్టమయ్యేది. అందుకని అదీ మానేశాను. డబ్బా మాత్రం హ్యాండిలుకు వేలాడుతూ ఉండేది.

ఆ శుక్రవారం ఎలాగో పల్లె చేరాను. సైకిలు మీద వాలిపోయి వస్తున్న నన్ను చూసి ఆ పల్లె పెద్ద పోతయ్య నవ్వాడు.

"ఏంటయ్యా, నువ్వు దాన్ని ఎక్కావా, అది నిన్ను ఎక్కిందా?"

"చలిగా ఉంది పోతయ్యా."

"ఈ ఎండలోనా?" అని నా మెడ మీద చెయ్యి వేసి నవ్వు మానేశాడు. "అన్నం తిన్నావా?"

"ఉపవాసం."

"కొండకి తెలీదయ్యా ఆ సంగతి."

ముందు చలి, తర్వాత ఒళ్లు పెనంలా కాలడం, తర్వాత పక్క తడిసిపోయేంత చెమట. మర్నాడు ఏమీ లేదు. ఆదివారం మళ్లీ అదే. కట్టెల బండి మీద నన్నూ సైకిలునూ వేసి గోకవరం దించారు, అక్కడినుంచి రాజమండ్రి ఆస్పత్రికి చేరాను.

డాక్టరు గారు నెమ్మదిగా మాట్లాడే మనిషి. వేలు పొడిచి రక్తపు చుక్క గాజు పలక మీద తీసుకుని మైక్రోస్కోపులో చూశారు. కడుపు ఎడమవైపు నొక్కి చూశారు.

"మలేరియా అండి. స్ప్లీన్, అంటే ప్లీహం, కాస్త ఎన్లార్జ్ అయింది. దోమ కుడితే వస్తుందని ఈమధ్య తేల్చారు. క్వినైన్ వేసుకుంటున్నారా?"

"డబ్బా ఎప్పుడూ నా దగ్గరే ఉంటుందండి" అన్నాను.

అబద్ధం కాదు, నిజమూ కాదు. ఇరవై ఏళ్లుగా ఇతరులకు సత్యం బోధించిన నోటితో అన్న మాట అది. ఆయన నమ్మి, డోసు పెంచి రాశారు. ఆస్పత్రిలో వాళ్ల చేతులతో ఇచ్చినన్నాళ్లు మింగాను. జ్వరం తగ్గింది. ఇంటికి పంపుతూ, "ఈ మందు ఇంకా చాలా రోజులు వాడాలి. కొండ ఇప్పుడే వద్దు" అన్నారు.

ఈస్టరుకు రెండు వారాలు కూడా లేవు. బాప్తిస్మానికి ముందు వల్లించాల్సిన విశ్వాస ప్రమాణం పోతయ్య వాళ్లకు ఇంకా పూర్తిగా రాదు. ఇంటికి రాగానే మళ్లీ ఉపవాసం పట్టాను, బిళ్లలు డబ్బాలోకి పోయాయి. శాంతమ్మ గుమ్మంలో నిలబడింది.

"ఏమండీ, కాళ్లు నిలబడ్డం లేదు మీకు. ఆ ఎనిమిది ఇళ్లవాళ్లకి బాప్తిస్మం కావాలి గానీ మీ శవం ఎందుకండీ?"

నేను సైకిలు తీసుకుని బయలుదేరాను.

మొదటి ఎత్తు ఎక్కాను. రెండోది ఎక్కాను. మూడో మలుపులో కీర్తన మూడో చరణం దగ్గర చలి నన్ను పట్టుకుంది. తర్వాత ఏమైందో నాకు గుర్తు లేదు. బాట పక్క రాళ్ల మధ్య పడి ఉన్నానట. నాకు ఎదురొచ్చిన పోతయ్య, మరో ముగ్గురు దుప్పటిని వెదురుకు కట్టి డోలీ చేసి గోకవరం దాకా మోశారు. మధ్యలో ఒకసారి తెలివి వచ్చినప్పుడు, వాళ్లు విశ్వాస ప్రమాణం వల్లిస్తూ నడుస్తున్నారు. సగం దాకా వచ్చి ఆగి, మళ్లీ మొదటినుంచి మొదలుపెడుతున్నారు. తర్వాతి మాట అందిద్దామనుకున్నాను, నోరు తెరవలేకపోయాను.

ఆస్పత్రిలో డాక్టరు గారి ముఖం మారింది. "రిలాప్స్ అయింది, జ్వరం తిరగబెట్టింది. టెంపరేచరు దిగడం లేదు. ఇంత క్వినైన్ వాడాక ఇలా ఎందుకవుతోందో నాకు అర్థం కావడం లేదండీ" అన్నారు.

శాంతమ్మ డబ్బా తెచ్చి ఆయన బల్ల మీద బోర్లించింది. బెల్లం కరిగి అంటుకున్న బిళ్లలు కుప్పగా పడ్డాయి.

ఆయన ఒక బిళ్ల తీసి, అంటిన బెల్లం గోటితో గీకి చూశారు. తర్వాత వచ్చి నా మంచం పక్కన కూర్చున్నారు.

"ఉపవాసమా?"

తలూపాను.

"మా అమ్మ కూడా ఇంతేనండి. ఏకాదశి నాడు మందు ముట్టదు. మీ దేవుడికైనా మా దేవుడికైనా నేను చెప్పుకునేది ఒక్కటే. నా రోగుల్ని నాకు వదిలేయమని." లేస్తూ అన్నారు, "స్ప్లీన్ పక్కటెముకల కింద నాలుగు వేళ్లంత పెరిగింది. ఎనీమియా, రక్తహీనత కూడా ఉంది. ఇంకోసారి ఇలా వస్తే నేను చేయగలిగింది ఉండదు."

పక్క మంచం మీద తుని బట్టల వర్తకుడు ఉండేవాడు. అదే జ్వరం. నేను మింగలేక ముఖం చిట్లిస్తే, "వేసేసుకోండి గురువుగారూ, మా వంకాయ రంగు చీర కంటే చేదేం కాదు. అది కొన్నవాళ్లెవరూ మళ్లీ రాలేదు" అని నవ్వించేవాడు. మూడో ఉదయం ఆ మంచం మీద దుప్పటి మడతపెట్టి ఉంది.

ఈస్టరు గంటలు మంచం మీదే విన్నాను. దేవుని మీద కోపం వచ్చిందని ఒప్పుకుంటున్నాను. నీ కోసం ఆకలితో ఎక్కితే నన్ను పడేశావు అన్నాను. ఎడారిలో నడిచి అలసి చెట్టు కింద పడుకుని చావు కోరుకున్న ప్రవక్త కథ ఆ రోజు మనసులోకి వచ్చింది. ఎన్నోసార్లు బోధించిన కథే. దూత వచ్చి ఆయన్ని మందలించలేదు. ముందు రొట్టె, నీళ్లు పెట్టాడు, దారి చాలా దూరం ఉందని. నేను ఇన్నేళ్లూ ఆ రొట్టెను దాటేసి చదివానని తెలిసింది. నేను ఆకలితో ఉన్నది ఆయన కోసం కాదు. మూడో మలుపు దిగకుండా ఎక్కాననే పేరు కోసం.

డాక్టరు గారికి నా మాట గురించి క్షమాపణ చెప్పాను. "బిళ్ల మింగండి, అదే చాలు" అన్నారు.

లేచి నడవడానికి రెండు నెలలు పట్టింది. అయ్యగారు వేరొకరితో బాప్తిస్మాలు జరిపిస్తామని కబురు పంపితే పోతయ్య ఒప్పుకోలేదట, నేనే ఇవ్వాలన్నాడట. వానలు వెలిశాక నేను వెళ్లాను. గంజి తాగి, బిళ్ల వేసుకుని, మెల్లగా. మూడో మలుపు దగ్గర సైకిలు దిగాను. అక్కడ ఒక చదునైన రాయి, దాని పక్కన మూత పెట్టిన నీళ్ల కుండ ఉన్నాయి. పల్లెవాళ్లు నా కోసం పెట్టారు. రాయి మీద కూర్చుని, కీర్తన మొత్తం ఊపిరి తీసుకుంటూ పాడుకుని, సైకిలు నడిపించుకుంటూ పైకి వెళ్లాను.

ఆదివారం వాగులో బాప్తిస్మాలు. అయ్యగారి అనుమతితో నేను నడుం లోతు నీళ్లలో నిలబడ్డాను. అందరికంటే ముందు పోతయ్య రావాలి. గట్టు మీదే ఆగిపోయాడు.

"ఏం పోతయ్యా, భయమా?"

"ముందు నువ్వు చెప్పు. ఇయ్యాళ మందు వేసుకున్నావా?"

"వేసుకున్నాను."

"నోరు తెరు."

ఎనిమిది కుటుంబాల ముందు నోరు తెరిచాను. నాలుక మీద బెల్లం ఇంకా ఉంది. అతను చూసి, తృప్తిపడి, నీళ్లలోకి దిగాడు.

ఇప్పటికీ నెలకు రెండుసార్లు ఆ కొండ ఎక్కుతున్నాను. స్ప్లీన్ వాపు తగ్గింది, పూర్తిగా కాదు. వాన రోజుల్లో ఎడమవైపు బరువుగా ఉంటుంది. రాత్రి దోమతెర కట్టుకుంటాను. శ్రమకాలంలో ఉపవాసం మానలేదు. డాక్టరు గారిని అడిగి, ఉదయం గంజి, మందు, ఆ తర్వాత సాయంత్రం దాకా ఏమీ లేదు.

ఉపవాసం ఉండే సహోదరులకూ సహోదరీలకూ ఒక్క మాట. ఉపవాసం మొదలుపెట్టే ముందు మీ మందుల సంగతి డాక్టరుకు చెప్పండి. ఆయన అడిగినప్పుడు డబ్బా దగ్గరే ఉందనకండి, ఎన్ని బిళ్లలు మింగారో చెప్పండి.