తడి గోనెపట్టా

మా అత్తయ్యను కుదురుగా కూర్చోబెట్టగలిగిన మనిషి ఇంతవరకూ పుట్టలేదనుకునేదాన్ని. అన్నం నిలబడే తింటుంది. టీ గ్లాసు పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొస్తుంది. కాలు కాలిన పిల్లి అనే మాట ఎవరు పుట్టించారో గానీ, మా అత్తయ్యను చూసే పుట్టించి ఉంటారు. పెళ్ళైన కొత్తలో నామీద కోపమేమో అని హడలిపోయేదాన్ని. ఆవిడ కోపం నామీద కాదు, ఊరికే ఉండటం మీద అని తర్వాత తెలిసింది.

మామయ్య ఉన్నన్నాళ్ళూ స్టవ్‌లు బాగుచేసే కొట్టు నడిపారు. ఆయన పోయాక స్క్రూడ్రైవర్ ఆవిడ చేతికొచ్చింది. సోలార్ లైట్లు పంచే సంస్థవాళ్ళు ఆ చెయ్యి చూసి ముచ్చటపడి, పని నేర్పించి, కొండవరస మొత్తం ఆవిడకు అప్పగించారు. కొండవరసంటే మా వీధి చివర రాతిమెట్లెక్కితే కనపడే ఇళ్ళు. కరెంటు స్తంభాలు మెట్ల కిందే ఆగిపోయాయి. మాకు కరెంటు దూరపు చుట్టంలా ఎప్పుడో వచ్చి మొహం చూపించి పోతుంది. వాళ్ళకు ఆ చుట్టరికం కూడా లేదు.

పాత రేకులు బరువు ఆపవని, ప్రతి ఇంటి ముందున్న పొట్టిగోడ మీద సోలార్ ప్లేటు బిగించింది అత్తయ్య. లోపల బ్యాటరీ, గుమ్మానికి లైటు. బిగించడం అయ్యాక ఇంటింటికీ ఒకటే పాట: "ఇదిగో, దీన్ని పసిబిడ్డలా చూసుకోండి, చెబుతున్నా."

మొదట్లో అన్నీ బాగానే వెలిగాయి. ఎండలు ముదిరాక మొదలైంది తంటా. దీపాలవేళ వెలిగిన లైటు, అందరూ అన్నాలకు కూర్చునేసరికి కొడిగట్టి ఆరిపోయేది. ఒక ఇల్లు కాదు, వరసంతా.

"ఎండ పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుందేమిటే?" అని నన్నడిగేది అత్తయ్య, ఆ సూర్యుణ్ణి నేనే దాచిపెట్టినట్టు.

పొద్దున్నే వెళ్ళి వైర్లు విప్పి చూసేది. సాయంత్రం వెళ్ళి బ్యాటరీలకు మీటరు పెట్టి చూసేది. మధ్యాహ్నాలు కొట్టు వదిలి కదలడానికి వీలయ్యేది కాదు. ఇంట్లో మాత్రం ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. చూస్తుంటే నాకు కళ్ళు తిరిగేవి. గోరుచుట్టు మీద రోకటిపోటులా, లైట్లు తెచ్చిచ్చే సంస్థ వ్యాన్ సారు కబురు పెట్టాడు: వారాంతంలో వస్తాను, లైట్లు నిలవకపోతే విప్పుకుపోయి ఇంకో చోట పెడతాను, అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు అని.

అత్తయ్య బెంగంతా వరసలో చివరి ఇంటి గురించి. అది మంత్రసాని పెద్దమ్మది. కొండవరసలోనూ మా వీధిలోనూ సగం మంది ఆవిడ చేతుల్లోనే భూమ్మీద పడ్డారు, మా ఆయనతో సహా. ఇప్పుడు ఆవిడకు చూపు పూర్తిగా పోయింది. లైటు ఆవిడకెందుకు? మనవరాలి కోసం. ఆ పిల్ల బట్టల మిల్లులో పనిచేసి చీకటి పడ్డాక వస్తుంది. కింది మెట్టు దగ్గర నిలబడి "నానమ్మా!" అని కేకేస్తే, ఈవిడ గుమ్మంలోంచి "ఆఁ... రా... ఇటు రా..." అంటూనే ఉండేది. ఆ గొంతు పట్టుకుని పిల్ల పైకొచ్చేది. లైటొచ్చాక కొన్నాళ్ళు ఆ తిప్పలు తప్పాయి. మళ్ళీ మొదలయ్యాయి. మొన్న కాలు జారి మోకాలు చీరుకుపోయింది కూడా.

ఆ సంగతి విన్న దగ్గర్నుంచీ అత్తయ్యకు ముద్ద దిగడం లేదు. ఒక మధ్యాహ్నం కంచంలో చెయ్యి పెట్టి, తీసేసి, కొట్టుకు తాళం వేసింది.

"పదవే."

"ఈ ఎండలోనా? మాడిపోతాం అత్తయ్యా!"

"ఎండలోనే చూడాలి. ఇన్నాళ్ళూ నీడపట్టున చూశాను, అదే నా తెలివితక్కువ."

తిట్టుకుంటూనే మెట్లెక్కాను. వరసంతా పనులకు పోయింది, ఒక్క మనిషి అలికిడి లేదు. ప్రతి పొట్టిగోడ మీదా, ప్రతి ప్లేటు మీదా, తడి గోనెపట్టా పరిచి ఉంది. చివర మంత్రసాని పెద్దమ్మ ఒక చేత్తో గోడ తడుముకుంటూ, ఇంకో చేత్తో చెంబు పట్టుకుని, ఒక్కో పట్టా మీదా నీళ్ళు చిలకరిస్తోంది.

"వచ్చావా?" అంది, మేం నోరెత్తకముందే. "నీ అడుగుల చప్పుడు నాకు తెలీదా ఏం! భయపడకు, నీ బిడ్డల్ని నేను చూసుకుంటున్నా. ముట్టుకుంటే చెయ్యి కాలిపోతోంది. మిట్టమధ్యాహ్నం పసిదాన్ని ఎండలో పడేసి పోతారా ఎవరైనా? వరసంతా నాకే అప్పజెప్పి పోయారు. వాళ్ళొచ్చేలోపు తీసేస్తాలే."

నాకు ఒళ్ళు మండింది. నోరు తెరిచాను. అత్తయ్య నా చెయ్యి గట్టిగా గిల్లింది. ఆవిడ మొహం చూస్తే నా కోపం దిగిపోయింది. మనవరాలి మోకాలు పగలగొట్టింది నువ్వే అని ఆ ముసలావిడతో ఎలా అనడం? అసలు పసిబిడ్డ అని చెప్పిందెవరు? పసిబిడ్డల సంగతి ఆవిడకు చెప్పగలిగేవాళ్ళు ఈ చుట్టుపక్కల ఉన్నారా?

అత్తయ్య అక్కడే నాలుగడుగులు అటూ ఇటూ తిరిగి, ఆగింది.

"పెద్దమ్మా, పుట్టిన పిల్ల నీరసంగా వాలిపోతుంటే ముందు ఏం చూస్తావు?"

"ఇంకేం చూస్తాను? కడుపునిండా పాలు పడుతున్నాయా లేదా అని."

"ఇదీ అలాగే వాలిపోతోంది. దీపాలు పెట్టిన కాసేపటికే."

"అయితే పాలు చాలడం లేదు. ఆ మాత్రం తెలీదూ?"

"దీనికి ఎండే పాలు, పెద్దమ్మా."

చిలకరిస్తున్న చెయ్యి ఆగిపోయింది. గోడ మీంచి నీళ్ళు కారుతున్నాయి. పెద్దమ్మ చెంబు కింద పెట్టి, గోనెపట్టాను మెల్లగా తడిమింది.

"ఎన్నాళ్ళు పస్తు పెట్టానే దీన్ని?"

"నువ్వేం చేశావు? బిడ్డ అన్నది నేను, కడుపుకేం పెట్టాలో చెప్పనిది నేను."

"నన్ను ఊరడించకు. మంత్రసాని పని ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందే." పట్టా లాగి అవతల పడేసింది. మమ్మల్ని చెయ్యి వెయ్యనివ్వలేదు. గోడ పట్టుకుని వరస మొదటిదాకా నడిచి, అన్ని పట్టాలూ తనే తీసింది.

మర్నాడు రోజంతా ఎండ కాసింది. చీకటి పడుతుండగా ఇద్దరం మళ్ళీ మెట్లెక్కాం. లైట్లు వెలిగాయి. అన్నాల వేళ వచ్చింది, దాటింది.

"ఉందా?" అంటుంది పెద్దమ్మ గుమ్మంలోంచి.

"ఉంది," అంటాను నేను.

"ఇంకా ఉందా?"

"ఉంది పెద్దమ్మా."

అత్తయ్య మాత్రం వరస ఈ చివర్నుంచి ఆ చివరకు తిరుగుతూనే ఉంది.

"ఏయ్, కాసేపు కూర్చోవే!" అని కసిరింది పెద్దమ్మ. "నీ అడుగుల చప్పుడులో నా పిల్ల అడుగులు వినపడి చావట్లేదు."

మా అత్తయ్య కూర్చుంది. నా కళ్ళతో నేను చూశాను. గుమ్మం పక్కన రాయి మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బడిపిల్లలా కూర్చుంది.

వ్యాను ఆ వారాంతంలో ఖాళీగానే వెనక్కి పోయింది. కానీ నాకు గుర్తుండిపోయింది ఆ సాయంత్రమే.

కింద అడుగులు వినపడ్డాయి. పెద్దమ్మ పలకడానికి సిద్ధంగా నోరు తెరుచుకుని ఉంది. కేక రాలేదు. అడుగులు మాత్రం గబగబా, రెండేసి మెట్ల చొప్పున వచ్చి గుమ్మం ముందు ఆగాయి.

"ఏమే, పిలవలేదేం?"

"ఎందుకు నానమ్మా? లైటు కనపడుతోందిగా!"

"ఓహో," అంది పెద్దమ్మ. మనవరాలి చెయ్యి వెతికి పట్టుకుంది. "అయినా పిలువు. నీకు లైటు కనపడింది సరే, నాకు నువ్వు కనపడొద్దూ?"

ఆ పిల్ల సంచి గుమ్మంలో పెట్టి, మెట్లన్నీ మళ్ళీ దిగి, కిందనుంచి గట్టిగా పిలిచింది.

"ఆఁ... రా... ఇటు రా..." అంది పెద్దమ్మ.